మూడో గీత మీద చుక్క

నాకు అనుమానం ఎక్కువ. ఇంకొకరు ఆ మాటంటే ఊరుకోను గాని, నా అంతట నేను ఒప్పుకుంటాను. చేప కొంటే మొప్పలెత్తి రెండుసార్లు చూస్తాను, ఇంటికొచ్చాక మూడోసారి చూస్తాను. "అనుమానం పెనుభూతమే" అని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ తిట్టింది. ఆ భూతమే నన్ను కాపాడుతోంది, నీకెందుకు పొమ్మనేదాన్ని. రంగూన్‌లో సైన్యం రాజ్యం చేసిన ఆ తొలి సంవత్సరాల్లో అనుమానం లేని మనిషి ఎలా బతికాడో నాకు ఇప్పటికీ తెలీదు. పక్కింటివాడు దగ్గితే ఎందుకు దగ్గాడా అని ఆలోచించిన రోజులవి. ఆ భూతం ఒకసారి నా నెత్తినెక్కి నాచేత ఏం చేయించిందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే పట్టుకుపోయేవాళ్ళు లేరు, అందుకని చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. లమ్మడాలో ఒక అయిదంతస్తుల మేడ, అందులో మూడో అంతస్తు మాది. మా ఆయన అహ్లోన్‌లో బియ్యం మిల్లు ఫిట్టరు. పొద్దున్న బస్సెక్కితే మళ్ళీ దీపాలవేళకి దిగేవాడు. నేను ఇంట్లో కుట్టుమిషను మీద బర్మా ఆడవాళ్ళు వేసుకునే ఎంజీలు కుట్టేదాన్ని. మధ్యాహ్నం తిండయ్యాక కుట్టిన రవికలు మూటగట్టుకుని దుకాణంలో ఇచ్చి, కొత్త గుడ్డ తెచ్చుకునేదాన్ని. ఏడో నెల కడుపు. మెట్లెక్కితే ఆయాసం, దిగితే ఆయాసం, మనుషుల్ని చూస్తే చిరాకు.

వార్డు ఆఫీసు కాగితాల ప్రకారం ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నిజానికి ముగ్గురం. మూడో మనిషి మా నాన.

నాన అనే రాస్తున్నాను. నాన్న అని రాయడం పుస్తకాల్లో నేర్చుకున్నదే గాని నోటికి రాదు. మావాళ్ళది పాత గంజాం జిల్లా, బారువ పక్క. మేం ఏమిటి అనం, ఏటి అంటాం. నేను అనం, నాను అంటాం. మా నాన పిల్లల్ని కూడా నాన అనే పిలిచేవాడు. "ఒలే నాన, ఇటురా" అంటే నన్ను పిలుస్తున్నట్టు. తండ్రీ నానే, ముద్దొస్తే బిడ్డా నానే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మా నాన బోటాటౌంగ్ రేవులో ముప్పై అయిదేళ్ళు మూటలు మోసి, ఆఖర్న మేస్త్రీ అయ్యాడు. బర్మాలో పుట్టని ప్రతివాడి దగ్గరా ఉండాల్సిన రిజిస్ట్రేషన్ పుస్తకం ఆయన దగ్గర లేదు. కూలీ లైన్లు తగలబడినప్పుడు అదీ కాలిపోయింది. కొత్తది అడగబోతే పాతదేదీ అంటారు. కాలిపోయిందంటే నమ్మరు. ముందు లోపల పెడతారు, తర్వాత ఓడెక్కిస్తారు. ఆయనతో పనిచేసినవాళ్ళు ఇద్దరు అలాగే అడగడానికి వెళ్ళి తిరిగి రాలేదు.

"ఓడెక్కి ఏటి సెయ్యాలే? ఆ ఊర్ల నన్నెరిగినోడు ఎవుడున్నాడు? మీ యమ్మని ఇక్కడే కాల్చినాము. నాను ఇక్కడే ఉంటాను" అన్నాడు.

వానలు మొదలైనప్పుడు ఒక చాపా ఒక చెంబూ పట్టుకుని మా ఇంటికొచ్చేశాడు. ఇంట్లో కొత్త మనిషి ఒక్క రాత్రి పడుకున్నా వార్డు ఆఫీసులో పేరు రాయించాలి. మేం రాయించలేదు. వంటింటికి కర్టెను కట్టి, దాని వెనక ఆయన్ని కూర్చోబెట్టాను. బాల్కనీ వైపు రావద్దన్నాను. దగ్గొస్తే తలగడలో దగ్గమన్నాను. ముప్పై అయిదేళ్ళు ఎండలో నది గాలి పీల్చిన మనిషిని కిరసనాయిలు స్టవ్వు పక్కన కుక్కాను. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. అది చూసి నేనే విసుక్కునేదాన్ని.

అలా ఉండగా మా పైన, నాలుగో అంతస్తులోకి ఒక మనిషి దిగాడు.

యాభై దాటినవాడు. జుట్టుకి నూనె పెట్టి వెనక్కి దువ్వేవాడు. లుంగీ మీద తెల్ల చొక్కా, ఇస్త్రీ చెడదు. మనీలా నుంచి యుద్ధానికి ముందే డాన్సు బ్యాండుతో వచ్చాడట. ఆ డాన్సు హాళ్ళన్నీ మూతపడ్డాయి, బ్యాండు చెదిరిపోయింది, ఈయనొక్కడూ మిగిలాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. అప్పుడప్పుడు సినిమా పాటలకి సాక్సఫోను ఊదేవాడని వీధిలో అందరూ సయా అనేవాళ్ళు, అంటే గురువుగారని. నేను మాత్రం పైవాడు అనేదాన్ని. పనీ పాటా లేకపోయినా చొక్కాకి ఇస్త్రీ చెడని మనిషికి జీతం ఎక్కడినుంచో వస్తోందనే అర్థం. ఎక్కడినుంచి?

వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఊదడం మొదలెట్టాడు. నేను మిషను మీద రవిక చెయ్యి కుడుతున్నాను. పాట బాగానే మొదలైంది, ఊయల ఊగినట్టు ఇటూ అటూ. కొంతసేపు తిన్నగా పోయి, ఆ తర్వాత తాగినవాడిలా సందుల్లోకి తిరిగింది. ఇక పాట లేదు, అంతా వంకరే. ఎక్కడో తప్పిపోయింది అనుకుంటుంటే మళ్ళీ మొదటి చోటికే వచ్చింది. అక్కడ సాక్సఫోను నోట్లోంచి తీసి, గొంతెత్తి ఒక్క మాట పాడాడు.

"నాన... నా...న..."

సూది నా వేలిలో దిగింది.

కర్టెను వెనక మా నాన నవ్విన చప్పుడైంది. నవ్వు! నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి, "విన్నావా? వాడేమంటున్నాడో విన్నావా?" అన్నాను, గుసగుసగా అరుస్తూ.

"ఇన్నాను. పాడుకోనీయే. నీకేటి?" అన్నాడు.

నాకేటా! నెత్తి మీద కూర్చుని ఒకడు మా నానని పిలుస్తుంటే నాకేటట.

రోజూ అదే పాట, అదే వేళ. కాని ఏ రోజూ ఒక్కలా ఊదేవాడు కాదు. ఒకరోజు నెమ్మదిగా, ఒకరోజు తరుముకొస్తున్నట్టు. ఒకరోజు మధ్యలో రేవు కూలీలు మూట ఎత్తేటప్పుడు అరిచినట్టుండేది. మా దేవుడి పాట అయినా, సినిమా పాట అయినా, పాటంటే నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండాలి. రోజుకో తీరుగా మారుస్తున్నాడంటే రోజుకో కబురు పంపుతున్నాడన్నమాట. ఆఖర్న మాత్రం నాన. ఆ ఒక్క మాటా మారదు. ఇంత స్పష్టంగా కనబడుతున్నది మా ఆయనకి కనబడలేదు.

"వాడిది ఏదో దేశపు పాట. వాడి మానాన వాడు ఊదుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు?" అన్నాడు.

"మన ఇంట్లో గుమ్మడికాయ ఉంది గనక" అన్నాను.

ఒకరోజు దుకాణం నుంచి వస్తూ రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని నిలబడ్డాను. పైనుంచి ఆ మనిషి దిగుతున్నాడు. పక్కకి ఒదిగి దారిచ్చాడు. ఇచ్చి, నా కడుపు వంక చూసి, "మెల్లగా... మెల్లగా" అన్నాడు. తెలుగులో! బర్మా మాట ముక్కలుముక్కలుగా వచ్చే మనీలావాడికి తెలుగెలా వచ్చింది? ఎవరు నేర్పారు? మన భాష నేర్చుకున్నాడంటే మనం మాట్లాడుకునేది వినడానికే. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో చప్పుడు లేకుండా పెదాలు మాత్రమే కదిపి మాట్లాడుకున్నాం. నాన వంక చూస్తే, నవ్వాపుకుంటున్నట్టు మొహం గోడకి తిప్పేసుకున్నాడు. పెద్దతనం వచ్చి మతి చలించిందేమో అని భయపడ్డాను.

తర్వాత పుస్తకం కనబడింది.

మా మేడకి నీళ్ళు కిందనే. పంపు దగ్గర్నుంచి బిందె మోసుకెళ్ళాలి. నేను బిందె దింపుకుంటున్నప్పుడు మొదటి మెట్టు మీద ఒక నోటు పుస్తకం తెరిచి ఉంది. పైవాడు పంపు కొడుతున్నాడు, వీపు ఇటు. వంగి చూశాను. పేజీ నిండా గీతలు. లెక్కబెట్టాను, అయిదు. కొంచెం ఖాళీ, మళ్ళీ అయిదు. గీతల మీద నల్ల చుక్కలు, కొన్ని కింద, కొన్ని పైన.

సంగీతం రాసుకుంటారని నాకేం తెలుసు? మావాళ్ళు పాటని నోటితో నేర్చుకుంటారు, నోటితో నేర్పుతారు. పాటని కాగితం మీద పెట్టడమంటే మాటలు రాసుకోవడమే. చుక్కలకి ఏం పని? నాకు అక్కడ పాట కనబడలేదు. మా మేడ కనబడింది. అయిదు గీతలు, అయిదంతస్తులు. చుక్కలు మనుషులు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ. తోకలున్న చుక్కలు జడలున్న ఆడవాళ్ళు, తోకల్లేనివి మగవాళ్ళు. ఎంత తెలివి! కిందినుంచి లెక్కపెట్టి మూడో గీత చూశాను. మా అంతస్తు. ప్రతి వరుస చివరా మూడో గీత మీద ఒకే ఒక్క చుక్క, తోకలేనిది, దాని నెత్తిన గొడుగు పట్టినట్టు ఒక వంపు గీత.

గొడుగు కింద చుక్క. దాచిపెట్టిన మగమనిషి.

బిందె అక్కడే వదిలేసి పైకొచ్చేశాను. ఎలా ఎక్కానో తెలీదు. తలుపు గడియ పెట్టి, నానని కర్టెను వెనకనుంచి లేపి బియ్యం డబ్బాల పక్కకి జరిపాను, ఏదో అక్కడైతే చుక్కకి అందడన్నట్టు. "ఏటే, ఏటైంది?" అంటూ ఆయన అడుగుతూనే ఉన్నాడు. చెప్పలేదు. చెబితే కంగారుపడి దగ్గుతాడని.

ఇంతవరకూ నాది అనుమానం. ఇక్కడినుంచి చెప్పేది అనుమానం కాదు. దానికి వేరే పేరుంది.

నాలుగు రోజుల తర్వాత వార్డు పెద్ద ఇంటింటికీ తిరుగుతూ మా గుమ్మంలోకొచ్చాడు. పట్టపగలు, చేతిలో జాబితా. ఆయన ఒకప్పుడు బోటాటౌంగ్ గోదాముల్లో పనిచేసిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "తమీ" అంటాడు నన్ను, అంటే కూతురా అని. "ఇద్దరేనా?" అన్నాడు. "ఇద్దరమే ఊలే" అన్నాను. ఊలే అంటే బాబాయి. ఆయన జాబితా మడిచాడు. వెళ్ళిపోయేవాడే. అప్పుడే కర్టెను వెనక తలగడలో ఒక దగ్గు వినబడింది. చిన్నది. ఆయన తల ఎత్తాడు.

ఆయన చూపు నా భుజం మీదుగా లోపలికి పోతోంది. ఆ చూపు ఇంకో మూడడుగులు పోతే కర్టెను. నాకు ఒక్కటే తోచింది. ఆ చూపు మా గుమ్మం వదలాలి, పై మెట్టెక్కాలి.

"ఊలే, పైన ఉన్న విదేశీవాడు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. మేడలో ఎవరెక్కుతున్నారు, ఎవరు దిగుతున్నారు, అన్నీ చుక్కలు పెట్టుకుంటున్నాడు. నా కళ్ళతో చూశాను. పాట వంకతో ఎవరికో కబుర్లు పంపుతున్నాడు" అన్నాను.

"మీకు అతనితో మాటలున్నాయా?"

"ఛీ, ఒక్క మాట కూడా లేదు. ఆ గడప తొక్కలేదు."

ఆయన తలూపి పైకెళ్ళాడు. నేను తలుపు వేసి నిలబడ్డాను. మనసు, ఉన్నది చెప్పాలి కదా, తేలికపడింది. కాసేపటికి ఇద్దరు దిగుతున్న చప్పుడు వినబడింది. ఆ మధ్యాహ్నం పైన సాక్సఫోను మోగలేదు.

"ఏటి ఇయ్యాల ఊదనేదు?" అన్నాడు నాన. "ఒంట్ల బాగునేదేటో."

"ఏమో, నాకేం తెలుసు" అన్నాను.

మర్నాడు నాకు కబురొచ్చింది, వార్డు ఆఫీసుకి రమ్మని.

బల్ల వెనక వార్డు పెద్ద, గోడ వార బెంచీ మీద ఆ మనిషి. చొక్కా నలిగింది. రాత్రంతా అక్కడే ఉంచినట్టున్నారు. నన్ను చూసి లేచి నిలబడబోయాడు, కడుపుతో ఉన్నదానికి చోటివ్వడానికి. గుమాస్తా కూర్చోమన్నాడు, కూర్చున్నాడు.

"నువ్వే కదా చెప్పావు, రా, ఇది చూడు" అన్నాడు వార్డు పెద్ద, బెంచీ మీది మనిషి వినేటట్టే. పుస్తకం నా ముందుకి తోశాడు. "చుక్కలు పాటంటున్నాడు. సరే, పాటే అనుకుందాం. చుక్కల కింద ఈ రాతేమిటి? గుండ్రంగా ఉంది, మా అక్షరాలే అనుకుని గంటసేపు చూశాను. ఒక్క ముక్క చదవడానికి రాలేదు. మా రాతనే తిరగేసి దొంగ రాత రాశాడనుకున్నాను. మా గుమాస్తా చెప్పాడు, ఇది కోరంగీల రాతని. కోరంగీలంటే మీరేగా. ఈ మేడలో మీ భాషవాళ్ళు మీ ఇంట్లో తప్ప లేరు. చదువు."

నేను మెట్టు మీద చూసిన పేజీ కాదది. వెనకది. అవే అయిదు గీతలు, అవే చుక్కలు, కింద పెన్సిలుతో పెద్దపెద్ద అక్షరాలు. ఆ "ఓ" చూడగానే పోల్చుకున్నాను. అంత పెద్ద "ఓ", మూట భుజానికెత్తుకున్నట్టు వంగిన "ఓ", ప్రపంచంలో ఒక్కడే రాస్తాడు. రేవులో సంచుల మీద అక్షరాలు చూసి రాత నేర్చుకున్న మా నాన.

*ఓడ ఒడ్డుకొచ్చె, నాన*
*మూట బుజం దిగె, నాన*
*కునుకు తీసుకోవె, నాన*
*బయమునేదు నీకు, నాన*

నన్ను ఒళ్ళో వేసుకుని పాడిన పాట. కూలీ లైన్లలో, రెల్లు తడక పక్కన. ప్రతి వరుస చివరా, మూడో గీత మీద, గొడుగు కింద చుక్క. దాని కింద "నాన".

అప్పుడు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మెల్లగా అన్న మాట ఎవరు నేర్పారో, నవ్వు ఎందుకొచ్చిందో, నేను గుడ్డల మూట పట్టుకుని దుకాణానికి వెళ్ళిన ప్రతి మధ్యాహ్నం కర్టెను వెనక మనిషి ఎక్కడికెళ్ళాడో. ఆ వంకర పాట మధ్యలో వినబడిన రేవు కేక కూడా. నా తండ్రి పాట నా నెత్తి మీదే మోగుతుంటే పోల్చుకోలేకపోయాను.

"ఎవరు రాశారిది?" అన్నాడు వార్డు పెద్ద.

"నేనే" అన్నాను. "నేనే రాశాను ఊలే. బిడ్డ పుడితే పాడుకోవడానికి జోలపాట. ఈయన్ని వాయించి పెట్టమన్నాను. పుస్తకం ఇవ్వనన్నాడు. కోపమొచ్చి మీతో లేనిపోనివి చెప్పాను."

"గడప తొక్కలేదన్నావు."

"అబద్ధం చెప్పాను."

"జోలపాటైతే పాడు" అన్నాడు.

పాడాను. వార్డు ఆఫీసులో, ఏడో నెల కడుపుతో, బల్ల అంచు పట్టుకుని నిలబడి పాడాను. కాని ఆ ఒక్క మాట మాత్రం పాడలేదు. ఆయన గోదాముల్లో పనిచేసినవాడు. మా కూలీల నోట ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటాడు. నాన అంటే ఏమిటో ఆయనకి తెలిసే ఉంటుంది. ఇంట్లో ఇద్దరమే అని చెప్పిన నోటితో ఆ మాట ఎలా అనను? "ఓడ ఒడ్డుకొచ్చె" అని ఆగాను. "మూట బుజం దిగె" అని ఆగాను. నాలుగు వరుసలూ అలాగే, నాలుగుసార్లూ మింగేశాను.

వార్డు పెద్ద వేలు అక్షరాల మీద నడుస్తోంది. చదవడం రాకపోయినా లెక్క తెలిసినవాడు.

"ఇక్కడ ఒక చుక్కుంది. దాని కింద రాత కూడా ఉంది. ఇది నువ్వు పాడలేదు. నాలుగు చోట్లా పాడలేదు. ఏమిటిది?"

బెంచీ మీంచి పైవాడు అన్నాడు, విరిగిన బర్మా మాటల్లో, తాపీగా, పిల్లలకి పాఠం చెబుతున్నట్టు: "అది పాడేది కాదు, ఊలే. గొడుగు చూడండి. ఆగమని గుర్తు. అక్కడ చప్పుడుండదు. కింద రాసింది కూడా అదే. ఆగు అని. అమ్మాయి సరిగ్గానే పాడింది."

"అవునా తమీ? దీని అర్థం ఆగమనా?"

"అవును ఊలే" అన్నాను. "ఆగమనే."

ఆయన నమ్మాడో లేదో నాకు తెలీదు. ఇప్పటికీ అనుమానమే. పుస్తకం మూసి సొరుగులో పెట్టుకున్నాడు. నన్ను నాలుగు చీవాట్లు పెట్టాడు, కడుపుతో ఉన్నదానివని వదులుతున్నానన్నాడు. ఆ మనిషితో మాత్రం ఇలా అన్నాడు: "ఇది జోలపాటైతే దీన్నే ఊదు. ఈ కాగితంలో ఉన్నట్టే ఊదు. రోజూ ఆ వీధినే పోతుంటాను. వింటాను."

ఇద్దరం ఒకే వీధిలో నడిచాం, ఆయన ముందు, నేను వెనక. మేడ మెట్ల దగ్గర ఆగి నన్ను ముందు ఎక్కమన్నాడు, పడితే పట్టుకోవడానికి. రెండో అంతస్తు మలుపులో ఆయాసంతో ఆగిపోయాను. క్షమించమని అడగాలి. సయా అని మొదటిసారి పిలిచాను.

ఆయనే చెప్పాడు. ఆ పాట వాళ్ళ మామ్మదట, స్పానిష్ పాట, మనీలాలో ఊయల ఊపుతూ పాడేదట. నాన అంటే వాళ్ళకి జోల. "మీ నాన్న తలుపు తట్టి అడిగాడు, ఎందుకయ్యా నన్ను పిలుస్తున్నావు అని. ఇద్దరం చాలాసేపు నవ్వాం. మీ మామ్మ పాటలో మా పాట కలుపు, నా మనవడికి అన్నాడు. మీకు చెప్పొద్దన్నాడు. బిడ్డ పుట్టిన రోజున వినిపిద్దామని." ఇదంతా బర్మా మాటా, రేవు హిందుస్తానీ కలిపి చెప్పాడు. నా మీద కోపం చూపించలేదు. చూపిస్తే బాగుండునని ఎంత అనుకున్నానో చెప్పలేను. ఆఖర్న మాత్రం, పైకెళుతూ, "మెల్లగా" అన్నాడు.

ఎండాకాలం రాకముందే సయా బర్మా వదిలి వెళ్ళిపోయాడు. ఇక్కడ ఉండే గడువు పెంచలేదన్నారు. నా మాట వల్లో, ఎలాగూ పెంచేవాళ్ళు కారో, నాకు చెప్పేవాళ్ళు లేరు. అడిగే ధైర్యం నాకు లేదు.

కాని నేను చెప్పాలనుకున్నది వార్డు ఆఫీసుకెళ్ళిన మర్నాటి సంగతి.

ఆ రాత్రి నానని నిలదీశాను. ఎన్నాళ్ళనుంచి పైకెళుతున్నావన్నాను. తలొంచుకుని, "నువ్వు గుడ్డలట్టుకెల్లినప్పుడు, ఓ గంట. ఈ కర్టెను ఎనకాల ఎంతకని కూకోమంతావే?" అన్నాడు. ఇక వెళ్ళొద్దన్నాను. సరేనన్నాడు. "ఆడి మీద ఎవులు సెప్పినారే? ఏ పాపిస్టోల్లు?" అన్నాడు. ఎవరో అన్నాను. గిన్నెలు కడిగే వంకతో లేచిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం సాక్సఫోను మొదలైంది. నేను మిషను ఆపేశాను. నాన కర్టెను కొంచెం తొలగించి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వాళ్ళ మామ్మ పాట తిన్నగా వచ్చింది, సందుల్లోకి తిరిగింది, మా రేవులోంచి నడిచింది, తిరిగి మొదటికొచ్చింది. అక్కడ ఆగింది. ఏమీ లేదు. సాక్సఫోను నోట్లోంచి తీసినట్టుంది, గొంతు మాత్రం రాలేదు. మా నాన పెదాలు తెరిచి ఎదురుచూస్తున్నాడు. మళ్ళీ పాట మొదలైంది. మళ్ళీ అదే చోట అదే ఖాళీ. నేను ఆఫీసులో మింగిన చోటల్లా, చెప్పిన అబద్ధానికి కట్టుబడి, కింద వీధిలో ఎవరు వింటున్నారో తెలీక, ఆయన ఆగుతున్నాడు. నాలుగోసారి నాన కళ్ళు తెరిచాడు.

"ఏటే ఇది? ఆడి పాటల నాన ఏడే? ఎవులు తీసీసినారు?"

అప్పటికి రెండుసార్లు అడిగిన ప్రశ్న. ఇంక దాచలేకపోయాను. ఏడుపొచ్చేసింది. మా ఇంటి మాటలోనే, దాచుకోకుండా చెప్పాను.

"నానే" అన్నాను. నేనే, అని.

ఆయన నా వంక చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "అదేనే నాను అడగతన్నది. నానే ఏడీ అని" అన్నాడు. దగ్గరికి జరిగి, కన్నీళ్ళు తుడిచి, బయమునేదు నాన, అని నా తల మీద చెయ్యి వేశాడు.

రెండోసారి చెప్పలేదు. ఆయన నిజంగా పాటలో నాన అనే విన్నాడా, నేనే అని విని కూడా అలా నవ్వాడా అని ఆయన పోయేదాకా మొహంలో వెతుకుతూనే ఉన్నాను. ఏమీ దొరకలేదు.